జపాన్ ట్రైనింగ్‌లో తోడున్నవాళ్ల గురించి రాసుకోవడం ఎలా

ట్రైనింగ్ కోసం జపాన్ వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో ఒక ఆల్బమ్ తప్పకుండా ఉంటుంది. అందులో ఫూజీ కొండ ఉంటుంది, కామకురా పెద్ద బుద్ధుడు ఉంటాడు, టోక్యో టవర్ ఉంటుంది. మనకు పని నేర్పినవాళ్లు మాత్రం కనబడరు. కనబడినా ఫేర్‌వెల్ రోజు గ్రూప్ ఫోటోలో, వెనక వరసలో, సగం మొహంతో. ఫ్యాక్టరీ లోపలికి కెమెరా తేనిచ్చేవాళ్లు కాదు మరి. అందుకే ఆ ఆల్బమ్ ముందేసుకుని మనుషుల గురించి రాయబోతే నాలుగు వాక్యాలకు పెన్ను ఆగిపోతుంది.

నేను వెళ్లింది 1986లో. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో పెట్టిన చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీ కోసం. నాది బాడీ షాప్, అంటే క్యాబిన్ రేకులను స్పాట్ వెల్డింగ్‌తో అతికే చోటు. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది, మేం తలో దిక్కయ్యాం. రిటైరయ్యాక ఆ మనుషుల గురించి ఒక నోట్‌బుక్ నిండా రాశాను. చదివిన దోస్తులు "ఇన్నేళ్ల కింది ముచ్చట ఇంతగనం ఎట్ల యాదికొచ్చింది భాయ్" అంటారు. దానికో పద్ధతి ఉంది, అదే చెబుతాను. ఆ రోజుల్లోనే డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి తరఫున వెళ్లినవాళ్లకూ, విశాఖ ఉక్కు కోసం సోవియట్ యూనియన్ వెళ్లినవాళ్లకూ, ఈ మధ్య కొరియాకో జర్మనీకో వెళ్లొచ్చిన పిల్లలకూ కూడా పనికొస్తుంది.

ముందు షాప్ ఫ్లోర్ గీయండి

పేర్ల లిస్టు రాద్దామని కూర్చోకండి, రావు. ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, మీరు పనిచేసిన షాప్ గీయండి. స్కేలు పట్టింపు లేదు. లాకర్లు ఎక్కడ, లైన్ ఏ పక్క నుంచి ఏ పక్కకు నడిచేది, ఏ స్టేషన్‌లో ఏ జిగ్ (రేకులను కదలకుండా పట్టి ఉంచే చట్రం), వెల్డింగ్ గన్‌లు ఎక్కడ వేలాడేవి, సైరన్ మోగితే అందరూ ఎటు నడిచేవాళ్లు, ఇవన్నీ పెట్టండి. వేడి కాఫీ డబ్బా, చల్ల కాఫీ డబ్బా ఒకే మెషిన్‌లోంచి పడేవి చూడండి, వంద యెన్ల నాణెం వేస్తే, ఆ మెషిన్ కూడా పెట్టండి. సగం దోస్తీలు దాని ముందే మొదలయ్యాయి.

ఇప్పుడు ఎవరు ఎక్కడ నిలబడేవారో అక్కడ ఒక గుర్తు వేయండి. పేరు తట్టకపోతే పనే రాయండి. నా కాగితం మీద మొదట్లో "గన్ టిప్పులు అరగదీసే కుర్రాడు", "ఎడమ డోర్ పెద్దాయన", "క్రేన్ కింద పాట పాడేవాడు" అనే ఉన్నాయి. పొద్దున షిఫ్ట్ మొదలవకముందు పియానో పాట పెట్టి అందరి చేతా వ్యాయామం చేయించేవాళ్లు, రేడియో తైసో అంటారు. ఆ వరసలో మీ ముందు ఎవరు, పక్కన ఎవరు? నాకు ముందు నిలబడినాయన మొహం కన్నా వీపు బాగా గుర్తుంది, ఎడమ భుజం కాస్త దిగి ఉండేది. ఆ భుజం రాశాక, ఆయన గన్ ఎందుకు అలా పట్టుకునేవాడో గుర్తొచ్చింది. దాని వెంటే ఆయన పేరూ వచ్చింది.

బొమ్మ ఒక్కరోజులో పూర్తి చేయాలనుకోకండి. ఫ్రిజ్ మీద అతికించి ఉంచండి, గుర్తొచ్చినప్పుడల్లా గీత పెట్టండి. మా ఆవిడ ఇదేం పిచ్చి అంది గానీ, "సాయంత్రం మీతో రైలెక్కే ఆయన గురించి ఉత్తరంలో రాసేవారు కదా, ఆయనేడీ ఇందులో?" అని అడిగిందీ ఆవిడే.

ఆ మాటతో ఇంకో సంగతి బయటపడింది. అక్కడి నుంచి మీరు రాసిన ఉత్తరాలు మీ దగ్గర ఉండవు. భార్య ట్రంకు పెట్టెలో, అమ్మ దగ్గర, తమ్ముడి దగ్గర ఉంటాయి. వాటిని అడిగి తెచ్చుకోండి. అప్పుడు రాసిన మాటకున్న నమ్మకం ఇప్పటి జ్ఞాపకానికి లేదు.

తేదీలు పట్టుకోవడం

జపాన్ కాగితాల మీద సంవత్సరం మనకు అర్థం కాని అంకెలో ఉంటుంది. సర్టిఫికెట్ మీద, ట్రైనింగ్ రిపోర్ట్ మీద 61 అని ఉంటే అది షోవా 61. చక్రవర్తి మారినప్పుడల్లా వాళ్ల లెక్క కొత్త పేరుతో ఒకటి నుంచి మొదలవుతుంది, షోవా అలాంటి పేరే. షోవా సంవత్సరానికి 1925 కలపండి, 1986 వస్తుంది. 1989 జనవరి 8 నుంచి హైసేయి మొదలు, దానికి 1988 కలపాలి. 2019 మే 1 తర్వాత వెళ్లినవాళ్లది రేయివా, 2018 కలిపితే సరి. ఫోటో మూలన పడే తేదీలో చాలాసార్లు ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు ఉంటాయి. మన అలవాటు ప్రకారం తిరగేసి చదవకండి.

రోజూ సాయంత్రం రాసిచ్చిన రిపోర్టుల కాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే అదృష్టమే. వాటి మూలన చిన్న ఎర్ర ముద్రలు ఉంటాయి. అవి మన పై వాళ్ల ఇంటిపేర్లు. ఫోన్‌లో ఫోటో తీసి లిపి చదివించండి. అయితే ఒకే అక్షరాలను కోనో అనీ కవానో అనీ రెండు రకాలుగా చదివే పేర్లున్నాయి. యంత్రం చెప్పింది వెంటనే నమ్మకుండా, మీ చెవిలో మిగిలిన పిలుపుతో సరిచూసుకోండి.

కాగితాలు లేని సంగతులకు లోకంలో జరిగినవాటిని పక్కన పెట్టుకోండి. మా బృందంలో భద్రాచలం ఆయన ఒకడుండేవాడు. మా లీడర్, హాన్‌చో అనేవాళ్లం, అతన్ని ఇంటికి తీసుకెళ్లి ఇండియాకు ఫోన్ చేయించిన సంగతి అందరికీ గుర్తుంది, ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. ఆ ఫోన్ ఎందుకు అని అడిగితే జవాబు దొరికింది: గోదావరి వరద. భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు పోయింది 1986 ఆగస్టు 16న. అంటే ఆ తర్వాతి రోజుల్లో. తేదీ దొరకగానే మిగతా కథ దానంతటదే కదిలింది. ఆగస్టు నడుమ ఓబోన్, అంటే పోయిన పెద్దలను తలుచుకునే పండుగ సెలవులు వస్తాయి, లైన్ ఆగుతుంది, అందుకే హాన్‌చో ఇంట్లో ఉన్నాడు. అన్నం ముట్టని మనిషిని చూసి ఏమీ అడగకుండా కారెక్కించుకున్నాడు. భద్రాచలానికి లైన్ దొరకలేదు, హైదరాబాద్‌లో బావమరిది దొరికాడు. డబ్బివ్వబోతే హాన్‌చో భార్య ఆ నోట్లను మడిచి మళ్లీ మావాడి జేబులోనే పెట్టింది. ఇవన్నీ ముగ్గురి నోట విని కలిపినవి.

ఇంకొకటి, హాస్టల్ టీవీలో సియోల్ ఆసియా క్రీడలు. 1986 సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 5 వరకు. నా రూమ్మేట్ మనీలావాడు. వంద మీటర్ల పరుగులో వాళ్ల లిడియా డి వేగా గెలిచింది, మన పీటీ ఉష రెండో స్థానం. ఆ రాత్రి వాడు మంచం మీద నిలబడి గెంతాడు. తర్వాత 200 మీటర్లు, 400 మీటర్లు, 400 మీటర్ల హర్డిల్స్, రిలే, నాలుగూ ఉష తెచ్చేసరికి మంచమెక్కడం నా వంతయింది. వాడితో అదివరకు గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు. అందుకే మా స్నేహం ఏ వారంలో మొదలైందో ఖచ్చితంగా చెప్పగలను.

మిగతావాళ్లను అడగడం

"ఆ రోజులు గుర్తున్నాయా?" అని ఫోన్ చేస్తే "అబ్బో, ఎందుకు లేవు, బంగారం లాంటి రోజులు" అనే జవాబు వస్తుంది. కాల్ అయిపోతుంది. చిన్న ప్రశ్న వేయండి. మధ్యాహ్నం మన డబ్బా ఏ బల్ల మీద విప్పేవాళ్లం? ఆవకాయ వాసనకు మొదట ఎవరు లేచిపోయారు, మొదట ఎవరు రుచి అడిగారు? స్కేలు పోయినప్పుడు ఎవరి మీద అరిచారు? తిండి గురించీ తిట్ల గురించీ అడిగితే ఎవరైనా అరగంట మాట్లాడతారు.

మీకు గుర్తున్నది ముందు రాసేసుకుని, ఆ తర్వాతే ఎదుటివాళ్లను అడగండి. విన్నాక రాస్తే రెండు జ్ఞాపకాలు కలిసిపోయి, ఏది ఎవరిదో తేలదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి ఊరుకోండి, తీర్పు చెప్పకండి. ఫేర్‌వెల్ రోజు హాన్‌చో ఏడ్చాడని మాలో ఒకాయన, ఏడవలేదు కంట్లో వెల్డింగ్ నలక పడిందని ఇంకొకాయన. నా నోట్‌బుక్‌లో రెండూ ఉన్నాయి.

వయసులో పెద్దవాళ్లకు ముందు చేయండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపమంటే చాలామంది హాయిగా మాట్లాడతారు. రాసి పంపమంటే మాత్రం ఏళ్లు గడుస్తాయి. పోయినవాళ్ల పిల్లలకూ ఫోన్ చేయండి. నాన్న జపాన్ కథల్లో మీ పేరెలా వచ్చేదో వాళ్లు చెబితే కాసేపు మాట రాదు.

ఒక్కొక్కరికి ఒక పేజీ

"చాలా మంచివాడు, క్రమశిక్షణ గలవాడు, టైమంటే టైమే." జపాన్ వాళ్ల గురించి అందరం ఇదే రాస్తాం. ఇది ఎవరికైనా అతుకుతుంది కాబట్టి ఎవరికీ అతకదు. ఆ మనిషి చేతులు ఏం చేసేవో రాయండి. నా నోట్‌బుక్‌లో హాన్‌చో పేజీ ఇలా మొదలవుతుంది:

"గన్ రేకుకు నిట్టనిలువుగా ఆనకపోతే అతుకు బలంగా రాదు. ఆ సంగతి ఆయన మాటల్లో చెప్పలేదు, చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు. వెనక నిలబడి నా ముంజేయి మీద తన చెయ్యి వేసి, గన్‌ను సరిగ్గా ఆనించి, నా చేతనే మీట నొక్కించేవాడు. తర్వాత రెండు రేకుల మధ్య ఉలి పెట్టి సుత్తితో కొట్టేవాడు. అతుకు విడిపోతే ఆ ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. అతుకు విడవకుండా చుట్టూ రేకే చిరిగి బొత్తాం లాగా ఊడొస్తే, ఆ బొత్తాన్ని జేబులో వేసుకునేవాడు. ఎందుకో చాలాకాలం తెలియలేదు. ఫేర్‌వెల్ రోజు వాటిని ఒక అగ్గిపెట్టెలో పెట్టి నాకిచ్చాడు."

ఈ పేజీలో మంచివాడు అన్న ముక్క లేదు. అవసరం పడలేదు.

పేజీ నింపడానికి నాకు పనికొచ్చిన ప్రశ్నలు ఇవి: మిమ్మల్ని ఏమని పిలిచేవాడు, ఏం కలిసి తిన్నారు, ఎప్పుడు చిరాకుపడ్డాడు, ఆఖరిసారి ఎక్కడ చూశారు. చిరాకు సంగతి మర్యాద కోసం వదిలేయకండి. పనిలో గొడవపడని స్నేహం ఉంటుందంటే నేను నమ్మను.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. మనం అక్కడ మాట్లాడింది కెన్షూ సెంటర్‌లో, అంటే ట్రైనింగ్ సెంటర్‌లో, నేర్చుకున్న వచ్చీరాని జపనీస్, కొంత ఇంగ్లీషు, ఎక్కువగా సైగలు. రాసేటప్పుడు ఆ మనిషి నోట నిండు తెలుగు వాక్యాలు పెడితే అబద్ధంలా ఉంటుంది. సైగ చేస్తే సైగ చేశాడనే రాయండి. సుద్దతో నేల మీద బొమ్మ గీసి చెబితే ఏం గీశాడో రాయండి.

ఫోటోలు పాడవకముందే

జిగురు పేజీల మీద ప్లాస్టిక్ కప్పిన ఆల్బమ్‌లలో ఫోటోలు పాడవుతాయి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్న దారం ఫోటో కిందుగా పోనిచ్చి నెమ్మదిగా ఊడదీయండి. రాకపోతే లాగొద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి. 600 డీపీఐ చాలు. వెనక పక్కా స్కాన్ చేయండి, రాతలు అక్కడే ఉంటాయి. కొత్తగా పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ముందువైపుకు ఉబ్బుతుంది. ఫ్యాక్స్ కాగితాలూ నున్నటి బిల్లులూ ఏళ్లకు తెల్లబడిపోతాయి, ముందు వాటి సంగతి చూడండి.

మళ్లీ కలపడం

పేజీ ఎవరి గురించి రాశారో వాళ్లకు చూపించకుండా బంధువులకు పంచకండి. నా మనీలా దోస్తుకు వాడి పేజీ ఇంగ్లీషులో పంపితే అంతా ఒప్పుకున్నాడు, వంద మీటర్ల సంగతి మొదటి వాక్యంలోకి తెమ్మని మాత్రం పట్టుబట్టాడు. తెచ్చాను. ఇక్కడ ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం కూడా అదే, అందరినీ ఇంకా అడగలేదు. కంపెనీ డ్రాయింగులు, కొలతలు మీ దగ్గరున్నా పుస్తకంలో పెట్టొద్దు, ఎంత పాతవైనా సరే.

అడ్రస్ పోయినవాళ్ల కోసం ఏఓటీఎస్ (విదేశాల నుంచి వచ్చినవాళ్లకు జపాన్‌లో ట్రైనింగ్ ఇప్పించే సంస్థ) ద్వారా వెళ్లినవాళ్ల పూర్వ విద్యార్థి సంఘాలను అడగండి, మన దేశంలోనూ ఉన్నాయి. ఆ సంస్థ కొన్నేళ్లు, 2012 నుంచి 2017 దాకా, హిడా అన్న పేరుతో నడిచింది. వెతికేటప్పుడు రెండు పేర్లూ వాడండి. ఉత్తరం రాస్తే చిన్నదిగా, ఏ సంవత్సరం, ఏ షాప్, ఏ లైన్ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ షాప్ బొమ్మ జిరాక్స్ ఒకటి జత చేయండి. నాకు వచ్చిన జవాబుల్లో ఒకదాంట్లో ఆ బొమ్మే తిరిగొచ్చింది, ఎర్ర పెన్నుతో రెండు స్టేషన్లు అటూ ఇటూ మార్చి.

జనవరి ఒకటికి జపాన్ వాళ్లు కార్డులు పంపుకుంటారు. మనం పంపేది ఆలస్యమవకూడదంటే డిసెంబరు మొదట్లోనే పోస్ట్ చేయాలి. ఇంట్లో మనిషి పోయిన సంవత్సరం వాళ్లు ఆ కార్డు పంపరు, మాకు పంపవద్దని ముందే ఒక కార్డు వేస్తారు. అలాంటిది వస్తే శుభాకాంక్షలు ఆపి, జనవరి మధ్య దాటాక పరామర్శగా నాలుగు మాటలు రాయండి. ఏ కార్డూ రాకపోతే ఇంకో ఏడాది ఆగి మళ్లీ పంపండి.