బరంపురంలో ఇంటి రీఫ్ ట్యాంకులో క్లామ్ పెంచాలంటే

గోపాలపూర్ బీచ్ ఇక్కడికి దగ్గరే కదా, నాలుగు డబ్బాలేసుకుని వెళ్ళి సముద్రం నీళ్ళు తెచ్చి పోసేస్తే సరిపోతుందని బరంపురంలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టే ప్రతి తమ్ముడూ నన్ను అడుగుతాడు, క్లామ్ (రెండు చిప్పల సముద్రపు గుల్ల) కోసం మాత్రం ఆ పని చెయ్యొద్దు. వానలు పడ్డాక నదుల నీళ్ళన్నీ వచ్చి కలిసి మన వైపు బంగాళాఖాతం పైనీళ్ళలో ఉప్పు బాగా తగ్గిపోతుంది, ఒడ్డున ఇసకా బురదా సరేసరి. క్లామ్‌కి ఉప్పు, స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో 1.025 దగ్గర ఎటూ కదలకుండా ఉండాలి. ఆర్‌ఓ నీళ్ళలో రీఫ్ సాల్ట్ కలుపుకోండి, కానీ ఇంట్లో తాగే ఆర్‌ఓ మెషీన్లో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) మళ్ళీ పెంచే ఏర్పాటు ఉంటుంది చూడండి, అది పనికిరాదు, మిగిలిన లవణాలని కూడా లాగేసే డీఐ కాట్రిడ్జ్ పెట్టి టీడీఎస్ మీటర్ 0 చూపించాకే వాడండి. ఆవిరైన నీళ్ళ బదులు ఉప్పు కలపని ఈ ఆర్‌ఓ నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు.

ట్యాంకు పెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే క్లామ్ కొనకుండా ఆగండి.

కొనే ముందు ఇంకోటి. ట్యాంకుల్లో పెంచే రాక్షస క్లాముల్లో మాక్సిమా, స్క్వామోసా అనే రకాలు రెండూ మన 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి, రాక్షస క్లాముల జాతులన్నీ 1985 నుంచి వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం పట్టికలో కూడా ఉన్నాయి. అందుకే ఫారంలో పెంచిన డెరాసా అనే రకాన్ని, అదీ దిగుమతి కాగితాలు చేతిలో పెట్టేవాళ్ళ దగ్గరే తీసుకోండి, రిజిస్ట్రేషన్ సంగతి అటవీ శాఖలో అడగండి. సముద్రంలోంచి పీక్కొచ్చినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకండి, రీఫ్ మీద ఇష్టం ఉన్నవాడు చేసే పని కాదది.

మా అమ్మ అడుగుతుంది, కదలని గుల్లకి అంత లైటెందుకురా అని. దాని రంగురంగుల మాంటిల్ (గుల్లలోంచి బయటికి పరుచుకునే మెత్తటి కండ) లోపల నాచు ఉంటుంది, ఆ నాచు వెలుగుతో వండిన తిండే దీనికి ముఖ్యమైన తిండి, లైటు తగ్గితే మెల్లగా పస్తుండి పోతుంది. డెరాసాకి మంచి రీఫ్ ఎల్‌ఈడీ చాలు, క్రోసియా అనే ఇంకో రకానికి అయితే ఇంకా గట్టి లైటు కావాలి. కొత్తగా తెచ్చినదాన్ని మాత్రం ఒక్కసారే పెద్ద లైటు కింద పెట్టకుండా కొన్ని వారాల మీద మెల్లగా పెంచండి.

డెరాసాని ఇసక మీద పెట్టండి, కింద ఒక చిన్న చదును రాయి ఉంచితే క్లామ్ తన అడుగు నుంచి వచ్చే బైసస్ దారాలతో దానికే అతుక్కుంటుంది, తర్వాత జరపాలంటే రాయితో సహా ఎత్తొచ్చు. నేను మొదటిదాన్ని పెద్ద రాయి మీంచి చేత్తో లాగేశాను, అడుగున కండ చిరిగి వారం తిరక్కుండా పోయింది, ఇప్పటికీ బాధే. లాగకండి, తప్పదనుకుంటే పదునైన బ్లేడుతో దారాలని రాయి దగ్గర కోయండి.

ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం దగ్గర, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర పెట్టి వారం వారం టెస్ట్ చెయ్యండి, గుల్ల పెరిగేకొద్దీ కాల్షియం తాగేస్తుంది. గుల్ల అంచున తెల్లటి కొత్త గీత కనిపిస్తుంటే బాగా ఉన్నట్టు. చెయ్యి నీడ పడితే చటుక్కున మూసుకోవాలి, మూసుకోకపోయినా, మాంటిల్ ముడుచుకుపోయినా, నోరు బాగా తెరిచేసినా వెంటనే నీళ్ళు పరీక్షించండి. రాత్రి టార్చి వేసి అడుగున బియ్యపుగింజల్లాంటి తెల్ల నత్తలున్నాయేమో చూడండి, అవి రక్తం పీల్చే రకం, బ్రష్‌తో తీసెయ్యాలి. రాగి ఉన్న చేపల మందు ఆ ట్యాంకులో ఒక్క చుక్క కూడా వద్దు. బటర్‌ఫ్లై చేపలు, పెద్ద ఏంజెల్ చేపలు మాంటిల్‌ని కొరుకుతాయి.

నీళ్ళ వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మే నెలలో మన ఊళ్ళో ఫ్యాన్ ఒక్కటీ సరిపోదు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మెషీన్‌కి డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. అక్టోబరుకి ఇన్వర్టర్‌తో పాటు బ్యాటరీ ఎయిర్ పంపు కూడా సిద్ధంగా ఉండాలి, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, తుఫాను తర్వాత కరెంటు ఎన్ని రోజులకొస్తుందో మనకి తెలిసిందే, లైటు రెండ్రోజులు లేకపోయినా క్లామ్ తట్టుకుంటుంది గానీ నీళ్ళు కదలకపోతే ఒక్క రాత్రి చాలు.