ప్రోటీన్ బంధాలను చదవడం – 5వ పాఠం: కో-ఐపీ బ్లాట్‌లో హెర్2, హెర్3

హెర్2, హెర్3 అనే కణపొర రిసెప్టర్ల నుంచి పీఐ3కే, ఏకేటీ అనే ప్రోటీన్ల వరకు సంకేతం వెళ్లే తీరును చూపుతూ గత పాఠం చివర ఇచ్చిన బొమ్మను మాటల్లో రాయమంటే ఎక్కువమంది దాదాపు ఇలా రాశారు: "హెర్2 వచ్చి హెర్3ని పట్టుకోగానే హెర్3 కైనేజ్ పనిచేయడం మొదలుపెట్టి పీఐ3కేకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, పీఐ3కే ఏకేటీకి తగిలిస్తుంది, కణం పెరుగుతుంది." బొమ్మలోని గీతలన్నీ ఈ వాక్యంలో ఉన్నాయి, వరుస కూడా సరిగానే ఉంది, అయినా మూడు చోట్ల పని చేసిందొకటి, పేరు పొందింది మరొకటి. దీన్ని సరిచేయకుండా ముందుకు వెళ్తే, ఈరోజు చూడబోయే బ్లాట్‌లో (ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి, యాంటీబాడీలతో చారలుగా చూపే బొమ్మలో) ప్రతి బ్యాండునూ ఇదే విధంగా తప్పు చదువుతారు. అందువల్ల పాఠంలో కొంత భాగాన్ని దీనికే కేటాయించాల్సి వస్తోంది.

హెర్3కి కైనేజ్ భాగం, అంటే ఫాస్ఫేట్ తగిలించే భాగం, ఉన్నా దాని శక్తి అతి స్వల్పం. హెర్2 కైనేజ్ బలమైనది, కాని హెర్2కు బయటి నుంచి వచ్చి అతుక్కునే సంకేత అణువు (లిగాండ్) ఏదీ ఇంతవరకు తెలియదు. హెరెగ్యులిన్ అనే లిగాండ్ హెర్3కి అతుక్కున్నప్పుడు హెర్3 ఆకృతి విచ్చుకుని హెర్2తో జత కడుతుంది. ఆ జతలో హెర్2 కైనేజ్ హెర్3 తోకలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్‌లను తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన ఆ తోకలో పీ85 వచ్చి కూర్చోగల చోట్లు ఆరు ఉన్నాయి. పీ85 తన వెంట పీ110ను కణపొర దగ్గరికి తెస్తుంది. ఈ రెండూ కలిసినదే పీఐ3కే. గమనించండి, హెర్3 పీఐ3కేకు ఏమీ తగిలించలేదు, కూర్చునే చోటు మాత్రమే ఇచ్చింది. పీ110 ఫాస్ఫేట్ తగిలించేది పొరలోని పీఐపీ2 అనే కొవ్వు అణువుకు. అది పీఐపీ3గా మారాక ఏకేటీ దాన్ని పట్టుకుని పొరకు చేరుతుంది, అక్కడ పీడీకే1, ఎంటార్‌సీ2 అనేవి ఏకేటీకి ఫాస్ఫేట్‌లను తగిలిస్తాయి. పీఐపీ3 ప్రోటీన్ కాదు కనుక ప్రోటీన్ల పటంలో దానికి చోటుండదు, పటం గీసేవారు పీఐ3కే నుంచి ఏకేటీకి నేరుగా బాణం గీసి ఊరుకుంటారు. ఆ బాణాన్ని చూసి చాలామంది అక్కడ లేని బంధాన్ని ఊహించుకున్నారు.

ఇంకొందరు "బంధం పెరిగితే పెరుగుదల పెరుగుతుంది, బంధం తగ్గితే తగ్గుతుంది" అని ఒక సూత్రమే తయారు చేసుకున్నారు. ఈ సూత్రాన్ని పక్కన పెట్టించడానికి ఒక్క లాపాటినిబ్ చాలు. అమెరికాలో 2007లో అనుమతి పొందిన ఈ మందు హెర్2 కైనేజ్ లోపలి గుంతలో కూర్చుని దాని పనిని ఆపుతుంది. హెర్2 ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలకు దీన్ని ఇచ్చినప్పుడు కణాల ఉపరితలం మీద హెర్2 తగ్గదు సరికదా, పోగుపడుతుంది. పనిచేయని జతలు నిలకడగా మిగులుతాయి. అంటే బంధం ఉంది, ఫాస్ఫేట్ లేదు, పెరుగుదల తగ్గింది. రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే మరో మందు టామోక్సిఫెన్ సంగతి మరీ ఆసక్తికరం: అది పట్టుకున్న ఈస్ట్రోజన్ రిసెప్టర్ కూడా జత కడుతుంది, డీఎన్ఏ మీద కూర్చుంటుంది. మారేది దాని మీదకు వచ్చి చేరే తోడు ప్రోటీన్. రొమ్ము కణంలో జన్యువులను నడిపించే కోయాక్టివేటర్‌కు బదులు వాటిని అణచే కోరెప్రెసర్ వచ్చి చేరుతుంది. గర్భాశయపు లోపలి పొరలో మాత్రం అదే మందు ఈస్ట్రోజన్‌లా ప్రవర్తించగలదు. ఎవరు ఎవరిని పట్టుకున్నారు, ఎవరు ఎవరికి ఫాస్ఫేట్ తగిలించారు, కణాలు పెరిగాయా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మిగతా రెండింటికి అప్పు ఇవ్వకండి.

ఇక కో-ఐపీ, అంటే ఒక ప్రోటీన్‌ను యాంటీబాడీతో లాగి, దానితో పాటు ఏవి వస్తాయో చూడడం. జెల్, మెంబ్రేన్, సెకండరీ యాంటీబాడీల గురించి మళ్లీ చెప్పను, అవి మీకు వచ్చినవే. కణాలను మృదువైన డిటర్జెంట్‌తో పగలగొట్టి, అలా వచ్చిన ద్రవంలో (లైసేట్‌లో) హెర్3 యాంటీబాడీని వేసి, ఆ యాంటీబాడీని ప్రోటీన్ ఏ పూతగల పూసలతో పట్టి, పూసలను కడిగి, వాటి మీద మిగిలినదాన్ని బ్లాట్ చేస్తారు. హెర్3తో పాటు హెర్2 కూడా కనబడితే రెండూ ఒకే గుంపులో ఉన్నాయని అర్థం. ఒకే గుంపులో ఉన్నంత మాత్రాన ఒకదాన్నొకటి నేరుగా తాకుతున్నట్టు కాదు: హెర్2 యాంటీబాడీతో లాగినప్పుడు పీ85 వస్తే అది హెర్3 తోక మీద కూర్చుని వచ్చి ఉండవచ్చు. ఒక ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ అయిన ఎస్ఐఆర్ఎన్ఏతో హెర్3ని తగ్గించి మళ్లీ లాగి చూస్తే ఈ అనుమానం తీరుతుంది.

బొమ్మను చూసే వరుసలో నా అలవాటు ఇది: శీర్షిక, ఫలితాల వివరణ చదవక ముందే ఇన్‌పుట్ వరుస, అంటే లాగక ముందటి లైసేట్ వరుస, చూస్తాను, ఆ తర్వాత లాగిన ప్రోటీన్ అన్ని లేన్లలోనూ (ఒక్కో నమూనాకు ఒక్కో నిలువు వరుస) సమానంగా ఉందా అని చూస్తాను, ఆఖరుకే తోడుగా వచ్చిన ప్రోటీన్ దగ్గరికి వెళ్తాను. ప్రతి బ్యాండు మందాన్నీ 0 నుంచి 3 వరకు అంకెగా కాగితం మీద రాసుకుంటాను. సాఫ్ట్‌వేర్ కొలతలు ఉన్న పత్రాలకు కూడా ఇదే చేస్తాను, ఎందుకంటే అంకె రాయడానికి కన్ను ప్రతి లేన్ దగ్గరా ఆగవలసి వస్తుంది. హెర్3 మొత్తమే సగానికి పడిపోయిన లేన్‌లో హెర్2 సగమైతే బంధం ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా విసిగించే ఉచ్చు దగ్గరికి వద్దాం. పెర్టుజుమాబ్ అనే మందు హెర్2 బయటి భాగంలోని రెండవ డొమైన్‌ను, అంటే జత కోసం చాచిన చేతిని, పట్టుకుంటుంది. ట్రాస్టుజుమాబ్ అనే మరో మందు పట్టుకునేది నాలుగవ డొమైన్‌ను. కాబట్టి హెరెగ్యులిన్ వల్ల ఏర్పడే హెర్2-హెర్3 జతను పెర్టుజుమాబ్ అడ్డుకుంటుందని మనం ఎదురుచూస్తాం. కణాలకు పెర్టుజుమాబ్ ఇచ్చారు, పగలగొట్టారు, హెర్3 యాంటీబాడీ వేశారు, పూసలు వేశారు, బ్లాట్‌లో హెర్2 బ్యాండు కనబడింది. "మందు ఉన్నా జత మిగిలింది" అని రాసేస్తారు. కాని పెర్టుజుమాబ్ స్వయంగా ఒక ఐజీజీ యాంటీబాడీ. ప్రోటీన్ ఏ పూసలు ఐజీజీ తోకను పట్టుకునేందుకే తయారైనవి. లైసేట్‌లో హెర్2ను పట్టుకుని ఉన్న పెర్టుజుమాబ్‌ను పూసలు నేరుగా లాగేస్తాయి. ఆ హెర్2 పూసల మీదకు రావడానికి హెర్3 అవసరమే లేదు. హెర్3 యాంటీబాడీ వేయడం మరిచిపోయినా ఆ బ్యాండు వచ్చేది. దీన్ని పట్టుకోవడానికి, హెర్3 యాంటీబాడీకి బదులు సాధారణ ఐజీజీతో చేసే కంట్రోల్ లేన్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కాని చాలాసార్లు దాన్ని మందు ఇవ్వని లైసేట్‌తో మాత్రమే చేస్తారు. అందులో పెర్టుజుమాబ్ లేదు కనుక అది శుభ్రంగానే కనబడుతుంది, చదివేవారు తృప్తి పడతారు. కంట్రోల్ లేన్ ఉందా అన్న ప్రశ్న చాలదు, ఏ లైసేట్‌తో చేశారో చూడాలి. మందు ఇచ్చిన లైసేట్‌తో చేసిన కంట్రోల్‌లో కూడా హెర్2 వస్తే, పక్క లేన్‌లోని హెర్2 ఎంతవరకు జతదో చెప్పలేం. యాంటీబాడీని రసాయన బంధంతో నేరుగా బిగించిన, ప్రోటీన్ ఏ లేని పూసలు వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ట్రాస్టుజుమాబ్‌కూ ఇదంతా వర్తిస్తుంది. లాపాటినిబ్ చిన్న అణువు కనుక దానికి ఈ బెడద లేదు.

దీనికి తోడు హెర్2, హెర్3 రెండూ దాదాపు 185 కిలోడాల్టన్ల ఎత్తులోనే కనబడతాయి. ఒకే మెంబ్రేన్ నుంచి మొదటి యాంటీబాడీని తొలగించి రెండవది వేసినప్పుడు తొలగింపు సరిగా జరగకపోతే పాత బ్యాండే కొత్త పేరుతో మళ్లీ కనబడుతుంది. 50 కిలోడాల్టన్ల దగ్గర లావుగా కనబడేది మాత్రం లాగడానికి వాడిన యాంటీబాడీ హెవీ చెయిన్, దాని గురించి ఆలోచించకండి.

అభ్యాసం. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలతో చేశామని ఊహించుకున్న ఈ బ్లాట్‌లో నాలుగు లేన్లు ఉన్నాయి: ఏమీ ఇవ్వనిది, హెరెగ్యులిన్, హెరెగ్యులిన్‌తో పెర్టుజుమాబ్, హెరెగ్యులిన్‌తో లాపాటినిబ్. లాగింది హెర్3ని, ప్రోటీన్ ఏ పూసలతో. హెర్3 బ్యాండు అన్నింటిలోనూ 2. హెర్2 వరుసగా 1, 3, 2, 3. ఫాస్ఫోటైరోసిన్ (ఫాస్ఫేట్ తగిలిన టైరోసిన్) 0, 3, 1, 0. పీ85 కూడా 0, 3, 1, 0. ఇన్‌పుట్‌లో హెర్2, హెర్3, పీ85 నాలుగింటిలోనూ సమానం. ఐజీజీ కంట్రోల్ ఒక్కటే ఉంది, మొదటి లేన్ లైసేట్‌తో చేసినది, అందులో హెర్2 సున్నా.

నాలుగవ లేన్‌లో హెర్2 ఉండి పీ85 లేకపోవడానికి కారణాన్ని "ఉత్తేజం", "క్రియాశీలత" అన్న మాటలు వాడకుండా రాయండి. మూడవ లేన్‌లోని 2 అంకెను ఎంతవరకు నమ్మవచ్చో, అందుకు అదనంగా ఏ లేన్ అడుగుతారో, ఆ లేన్‌లో 0 వస్తే ఏమంటారో, 2 వస్తే ఏమంటారో విడివిడిగా రాయండి. ఆపైన ఈ బ్లాట్ నుంచి కణాల పెరుగుదల గురించి చెప్పడానికి వీల్లేని వాక్యాలు కనీసం మూడు రాసి, ఒక్కొక్కదానికి ఏ ప్రయోగం కావాలో చెప్పండి. చివరిది కాస్త కష్టం: లాపాటినిబ్‌ను రెండు రోజులు కొనసాగించాక ఇన్‌పుట్‌లో హెర్3 2 నుంచి 3కి పెరిగి, ఫాస్ఫోటైరోసిన్ కొద్దిగా తిరిగి వచ్చిందనుకోండి. ఏకేటీ పని ఆగినప్పుడు ఫాక్సో ప్రోటీన్లు కేంద్రకంలోకి చేరి హెర్3 జన్యువును ఎక్కువగా చదివిస్తాయన్న విషయం ఆధారంగా, ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో వరుసగా రాయండి. ప్రతి అడుగు దగ్గరా అది బంధమా, ఫాస్ఫేట్ తగిలించడమా, జన్యువును చదివించడమా అన్నది పక్కన గుర్తు పెట్టండి.