అట్ట స్టేషన్ గోడ వంగిపోతే

నా మోడల్ రైల్వే కోసం పెంకుల కప్పున్న చిన్న స్టేషన్ ఒకటి అట్టతో కడుతున్నాను. హెచ్ఓ స్కేలు, అంటే 1:87, అసలు దానికంటే 87 రెట్లు చిన్నది. రెండు మీటర్ల తలుపు 23 మిల్లీమీటర్లకు వచ్చేస్తుంది. కిటికీలు కోసి, రంగు వేసి ఆరబెడితే ప్లాట్‌ఫారం వైపు గోడ అప్పడంలా వంగింది.

నీళ్ల రంగు తగిలిన వైపు కాగితం పీచు ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. రెండో వైపు కదలదు. అందుకే గోడ రంగు వైపుకి లాగేస్తుంది.

కిటికీలు కోయడానికి పడ్డ పాట్లు గుర్తొచ్చి గోడ పారేయబుద్ధి కాలేదు. వెనక వైపు కూడా అదే రంగు పూశాను. కాస్త ఆరాక పాత పేపర్ల మధ్య పెట్టి, పైన లావుపాటి డిక్షనరీ ఎక్కించి రాత్రంతా వదిలేశాను. మిగిలిన కొద్దిపాటి వంపు లోపల ఐస్‌క్రీం పుల్లలు అడ్డంగా అంటించాక పోయింది.

మిగతా గోడలకు పల్చటి అట్టే రెండు పొరలు వాడాను. ఒకదాని పీచు నిలువుగా, రెండోదానిది అడ్డంగా ఉండాలి. అట్టను అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి, తేలిగ్గా వంగినప్పుడు మడత పడే దిశలోనే పీచు ఉంటుంది. అంటించాక, రంగులోని తడి అట్టలోకి దిగకుండా రెండు వైపులా చెక్కకు వేసే లక్క పాలిష్ పల్చగా కొట్టి, అది ఆరాకే రంగు వేశాను.

కప్పుకి పార్సిల్ డబ్బా అట్ట పైపొర తడిపి ఒలిచాను. లోపలి ముడతలు దూరం నుంచి పెంకుల్లాగే ఉన్నాయి. వాటికింకా ఎర్ర రంగు వేయాలి. తొందరేం లేదు, రైలు ఎలాగూ మనదే.