పాత మౌంటెన్ బైక్‌లో గేర్లు సరిగ్గా పడకపోతే

గేర్ సరిగ్గా పడటం లేదనగానే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డీరెయిలర్‌కి హెచ్, ఎల్ అని రెండు స్క్రూలుంటాయి కదా, వాటిని తిప్పేస్తారు. నా పాత 8 స్పీడు బైక్‌కి నేనూ అదే చేశాను. రెండు సాయంత్రాలు తిప్పాక ఎల్ స్క్రూ బాగా వదులై, చైన్ పెద్ద పళ్లచక్రం దాటి స్పోకుల్లో పడింది. అసలు తప్పు వెనక చక్రం దగ్గర వంపు తిరిగే ఔటర్ (గేర్ కేబుల్ తీగ మీది గొట్టం) ముక్కది. ఆ స్క్రూలు చైన్‌కి రెండు చివర్లా హద్దులు కడతాయి, అంతే. ఇన్నాళ్లూ బాగా పడిన గేర్లు ఈమధ్యే చెడితే వాటిని ముట్టుకోకండి.

చైన్ పెద్ద చక్రానికి చక్కగా ఎక్కి, చిన్నదానికి దిగేటప్పుడు మాత్రం ఆలస్యం చేస్తోందా? అయితే కేబుల్ బిగుసుకుంటోంది. ఎక్కించేది మీ బొటనవేలు, దించేది డీరెయిలర్‌లోని స్ప్రింగు. ఔటర్‌లో తుప్పూ మట్టీ చేరితే వేలు ఎలాగో లాగేస్తుంది, స్ప్రింగు లాగలేదు.

చూడటం తేలిక. పెడల్ తిప్పుతూ చైన్‌ని పెద్ద చక్రం మీదికి ఎక్కించండి. వెనక చక్రం ఆపేసి, తొక్కకుండానే షిఫ్టర్‌ని (హ్యాండిల్ మీది గేరు మీటని) చిన్న చక్రం గేరుదాకా నొక్కండి. కేబుల్ వదులవుతుంది. ఫ్రేమ్ మీద గాడి ఉన్న చోట్ల ఔటర్‌ని బయటికి లాగి, లోపలి తీగ మీద ముందుకీ వెనక్కీ జరపండి. వేలికి గరగరమని తగిలితే దోషి దొరికినట్టే. నాది తీసి చూస్తే తీగ మీద నాలుగు వేళ్ల మేర ఎర్రటి తుప్పు, దానికంటుకుని బురద పొడి. తుడిచి నూనె వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది కానీ, నా మాట వింటే తీగా ఔటరూ రెండూ మార్చేయండి. గేర్ ఔటరే కొనండి, బ్రేక్ ఔటర్ పనికిరాదు. అందులో తీగ చుట్టలుగా ఉండి నొక్కుకుపోతుంది, గేర్ లెక్క తప్పుతుంది. కోసిన చోట లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది, దాన్ని సూదితో తెరవడం మర్చిపోవద్దు.

కొత్త తీగ వేశాక డీరెయిలర్ దగ్గరి బ్యారెల్‌తో (కేబుల్ బిగువు మార్చే మరతో) సరిచేయాలి. పెద్ద చక్రానికి ఎక్కడానికి మొరాయిస్తే, వెనకనుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు. దిగడానికి మొరాయిస్తే రెండో వైపు. పావు చుట్టు తిప్పిన ప్రతిసారీ గేర్ మార్చి చూడండి.

షిఫ్టర్ నొక్కితే క్లిక్ పట్టకుండా వేలు ఊరికే జారిపోతోందా? లోపలి గ్రీజు ఏళ్లు గడిచి జిగురైపోయింది. విప్పకండి. పల్చటి నూనె స్ప్రే చేసి, యాభైసార్లు నొక్కితే చాలావాటికి ప్రాణం వస్తుంది.

బండి ఎప్పుడైనా కుడివైపు పడిందా? వెనక నిలబడి చూడండి. డీరెయిలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం లోపలికి వాలితే డీరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. అల్యూమినియందైతే చేత్తో వంచొద్దు, విరుగుతుంది.

గట్టిగా తొక్కినప్పుడు చైన్ ఎగిరితే అది చాలావరకు అరుగుదలే. చైన్ మీద స్కేలు పెట్టండి. సున్నా ఒక పిన్ను మధ్యలో ఉంటే 12 అంగుళాల గుర్తు కూడా పిన్ను మధ్యలోనే పడాలి. పిన్ను అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే చైన్ మార్చండి. ఎనిమిదో వంతు జరిగితే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) కూడా మార్చాలి, లేదంటే అరిగిన పళ్ల మీద కొత్త చైన్ ఇంకా ఎక్కువ జారుతుంది.