చందాలు తగ్గించక తప్పనప్పుడు: విశ్వవిద్యాలయ లైబ్రరీలో జర్నళ్ల కోత, పద్దుల నిర్వహణ

ఆగస్టు రాగానే విశ్వవిద్యాలయ లైబ్రరీలో వచ్చే ఏడాది జర్నళ్ల ఫైలు తెరవాలి. విదేశీ జర్నళ్ల చందా సాధారణంగా జనవరి నుంచి డిసెంబరు వరకు నడుస్తుంది, మన బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తుంది. ఈ తేడాను ముందే లెక్కలోకి తీసుకోకపోతే, ఏది ఉంచాలో ఏది తీసేయాలో మనం నిర్ణయించేలోపే గడువు దాటిన చందాలు వాటంతట అవే ఆగిపోతాయి. అలా ఆగిపోయిన జర్నళ్ల జాబితాలో అవసరం లేనివాటి పక్కనే, ఎంతో అవసరమైనవీ ఉంటాయి. ఉత్తర తెలంగాణలోని విశ్వవిద్యాలయ, కళాశాల లైబ్రరీల్లో ఈ బాధ్యత మోస్తున్న సహోద్యోగుల కోసం, చాలా ఏళ్లు ఈ ఫైలు చూసిన అనుభవంతో ఈ పద్ధతిని రాస్తున్నాను.

ఫైనాన్స్ విభాగం అడిగే మొదటి ప్రశ్న "పోయినేడాది జర్నళ్లే కదా, ఈ ఏడాది ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు" అన్నది. దీనికి సమాధానం ఒక చిన్న లెక్కలో ఉంది. 2010లో డాలరు విలువ దాదాపు 45 రూపాయలు, 2024 చివరికి అది దాదాపు 85 రూపాయలు. 1,000 డాలర్ల జర్నల్ ధర ఒక్క డాలరు కూడా పెరగకపోయినా మనం కట్టాల్సింది 45 వేల నుంచి 85 వేలకు చేరింది. ప్రచురణకర్త ఏటా 5 శాతం పెంచుతూ వచ్చాడనుకుంటే, ఆ 14 ఏళ్లలో డాలరు ధరే దాదాపు రెట్టింపై, రూపాయల్లో అది లక్షా 68 వేలు దాటుతుంది. అంటే పద్దు ఏమాత్రం తగ్గించకుండా ఉన్నచోటే ఉంచినా అది కోతతో సమానమే. ఈ లెక్కను ప్రతిపాదన మొదటి పేజీలోనే, మీ లైబ్రరీ కొనే రెండు మూడు అసలు జర్నళ్ల ఇన్వాయిస్‌లతో కలిపి పెట్టండి. కోరిన మొత్తం అత్యాశ కాదని దానితోనే తెలుస్తుంది.

తరువాతి పని, డబ్బు కట్టకుండానే మనకు ఏవి అందుతున్నాయో చూసుకోవడం. ఒకే దేశం ఒకే చందా పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లను, 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఈ పథకం అందుబాటులోకి తెచ్చింది. దీన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ కింద విశ్వవిద్యాలయ లైబ్రరీల కోసం పనిచేసే కేంద్రం) సమన్వయం చేస్తోంది. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్, ఐఈఈఈ వంటి పెద్ద సంస్థలన్నీ ఇందులో ఉన్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ, వరంగల్ ఎన్‌ఐటీ వంటి కేంద్ర సంస్థలకూ ఇది వర్తించే పథకం. వరంగల్, కరీంనగర్ చుట్టూ ఉన్న ప్రైవేటు కళాశాలలు మాత్రం దీని పరిధిలోకి రావు. అక్కడి లైబ్రేరియన్లు ఎన్-లిస్ట్ (కళాశాలలకు ఆన్‌లైన్ జర్నళ్లు, పుస్తకాలు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమం), డెల్‌నెట్ (లైబ్రరీలు తమ వనరులను పంచుకునే నెట్‌వర్క్) వంటి ఏర్పాట్ల మీదే లెక్క వేసుకోవాలి.

ప్రభుత్వ సంస్థలో ఉన్నవారు తమ చందాల జాబితాను ఈ పథకం జాబితాతో ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య (ఒక్కో జర్నల్‌కు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆధారంగా పోల్చాలి. పేరుతో పోలిస్తే తప్పులు వస్తాయి, ఎందుకంటే జర్నళ్ల పేర్లు మారుతుంటాయి, ఒకే పేరుతో రెండు మూడు జర్నళ్లూ ఉంటాయి. రెండు జాబితాల్లోనూ కనిపించిన జర్నల్‌ను వెంటనే కొట్టేయవద్దు. పథకం కింద ఏ సంవత్సరం నుంచి సంచికలు తెరుచుకుంటున్నాయో, మనం సొంతంగా కొన్న పాత సంవత్సరాలు ఇంకా తెరుచుకుంటున్నాయో లేదో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటిగా పరీక్షించండి. వందో నూటయాభయ్యో జర్నళ్లకు ఇది ఇద్దరు ఉద్యోగులు వారం రోజుల్లో పూర్తి చేయగలిగే పని. ఈ వారం శ్రమను ఎవరూ తప్పించుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. జాబితాలో పేరుండి వ్యాసం తెరుచుకోని సందర్భం బయటపడేది ఇక్కడే.

ఆ పరీక్ష ముగిశాక మిగిలినవాటికి వాడకం లెక్క తీయాలి. ఆన్‌లైన్ జర్నళ్లకు ప్రచురణకర్తలు కౌంటర్ అనే, ఆన్‌లైన్ వాడకాన్ని లెక్కించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నివేదికలు ఇస్తారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2025 జనవరి నుంచి వచ్చిన 5.1 రూపం. అందులో టీఆర్ జే1 అనే నివేదిక, అందరికీ ఉచితంగా తెరిచి ఉన్న వ్యాసాలను మినహాయించి, చందా వల్ల చదివిన వ్యాసాల లెక్క చెబుతుంది. టీఆర్ జే2 నివేదిక మన పాఠకులు అడిగి, అనుమతి లేక వెనుదిరిగిన సందర్భాల లెక్క చెబుతుంది. చాలామంది మొదటిదే చూసి రెండోదాన్ని పక్కన పెడతారు. కోత విధించిన తరువాత ఏ జర్నల్ లోటు నిజంగా బాధిస్తోందో తెలిపేది రెండోదే కాబట్టి, దాన్ని ప్రతి మూడు నెలలకూ దింపి దాచుకోవాలి.

చందాను వాడకంతో భాగిస్తే ఒక్కో వ్యాసానికి పడిన ఖర్చు వస్తుంది. ఉదాహరణకు ఏడాదికి 84 వేల రూపాయల జర్నల్‌ను 12 సార్లు చదివితే ఒక్కసారికి 7 వేలు పడినట్టు, 9 వేల రూపాయల జర్నల్‌ను 90 సార్లు చదివితే 100 రూపాయలే పడినట్టు. ఈ అంకె ఉపయోగపడుతుంది గానీ, దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు. ఆరుగురు పరిశోధకులున్న విభాగం వాడకాన్ని, అరవై మంది ఉన్న విభాగం వాడకంతో పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. కాబట్టి పోలిక ఒకే విభాగానికి చెందిన జర్నళ్ల మధ్యే జరగాలి. ఏ ఏడాదైనా వాడకం హఠాత్తుగా పడిపోయి ఉంటే, ఆ ఏడాది లాగిన్ సమస్యలు వచ్చాయా, ఆ జర్నల్ చదివే ఆచార్యుడు పదవీ విరమణ చేశారా అని కనుక్కోవాలి. అందుకే కనీసం మూడేళ్ల అంకెలు చూడాలి.

అచ్చు సంచికలకు ఇలాంటి నివేదిక ఉండదు. ర్యాకు నుంచి తీసిన సంచికను తిరిగి ర్యాకులో పెట్టవద్దని, బల్ల మీదే వదిలేయాలని బోర్డు పెట్టి, సాయంత్రం అటెండర్ వాటిని సర్దేటప్పుడు రిజిస్టరులో ఒక్కో గీత గీయించాలి. మూడు నెలల పాటు, అందులో ఒక నెల పీహెచ్‌డీ సినాప్సిస్‌లు సమర్పించే కాలంలో ఉండేటట్టు చూసి, ఈ లెక్క తీస్తే చాలు. మంచి అలవాటు మీద సంచికను తామే ర్యాకులో పెట్టేసే పాఠకులు ఉంటారు కాబట్టి వచ్చిన అంకె అసలు వాడకం కంటే తక్కువే అనుకోవాలి.

విభాగాలను అడిగే తీరు మీదే తరువాతి నెలల శాంతి ఆధారపడి ఉంటుంది. "ఈ జర్నల్ మీకు కావాలా" అని లేఖ పంపితే ప్రతి విభాగాధిపతీ కావాలనే రాసి పంపుతారు, అందులో వారి తప్పేమీ లేదు. దానికి బదులు, విభాగానికి ఈ ఏడాది దక్కే మొత్తాన్ని, ఇప్పుడు వస్తున్న జర్నళ్ల ధరలను, మూడేళ్ల వాడకాన్ని, పథకం కింద వచ్చేవాటి వివరాలను ఒకే పేజీలో ఇచ్చి, ఆ మొత్తంలో ఇమిడేలా వరుస క్రమం రాయమని అడగాలి. జవాబుకు తేదీ పెట్టాలి. గడువులోగా జవాబు రాకపోతే లైబ్రరీ కమిటీ వాడకం ఆధారంగా నిర్ణయిస్తుందని అదే లేఖలో రాయాలి. పరిశోధక విద్యార్థుల మాట విడిగా వినడం మరచిపోవద్దు. ఆచార్యులు కమిటీలో మాట్లాడగలరు, స్కాలర్లకు ఆ అవకాశం లేదు, చదివేవారిలో ఎక్కువమంది మాత్రం వారే.

పథకం పరిధిలోకి రాని రంగాల మీద ఇక్కడ ప్రత్యేక శ్రద్ధ కావాలి. ఆ పథకం ప్రధానంగా జర్నళ్లకు సంబంధించినది. న్యాయశాస్త్ర విభాగానికి ఊపిరి లాంటి మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ వంటి తీర్పుల డేటాబేసులను, పాఠ్యగ్రంథాలను అది అందించదు. "దేశమంతటికీ ఒకే చందా వచ్చింది కదా" అన్న మాటతో మొత్తం జర్నళ్ల పద్దునే ఎత్తేయాలని చూస్తే, ముందుగా నష్టపోయేవి ఈ విభాగాలే. మరోవైపు, డబ్బు కట్టనవసరం లేని భారతీయ జర్నళ్లూ చాలా ఉన్నాయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఐసీఏఆర్, సీఎస్‌ఐఆర్ ప్రచురించే జర్నళ్లలో చాలావాటిని ఆయా సంస్థల సైట్లలోనే ఉచితంగా చదువుకోవచ్చు. వాటి లంకెలను మన కేటలాగులో ఎక్కించడం ఒక్కటే మనం చేయాల్సిన పని.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక లైబ్రరీలో, వాడకం సున్నా అని వచ్చిన పత్రికలన్నిటినీ ఒకే తీర్మానంతో ఆపేశాం. వాటిలో ఏడాదికి కొన్ని వందల రూపాయల చందాతో వచ్చే ఒక తెలుగు త్రైమాసిక పత్రిక ఉంది. ఆ జాబితా తయారు చేసింది నేనే. తరువాత కొన్నేళ్లకు ములుగు వైపు నుంచి వచ్చిన ఒక స్కాలర్, మేడారం జాతర గురించిన వ్యాసాల కోసం ఆ పత్రిక పాత సంచికలు అడిగాడు. మా దగ్గర చందా ఆపిన ఏడాది వరకే బౌండ్ వాల్యూములున్నాయి. ఆ తరువాతి సంచికలు ఎక్కడా దొరకలేదు, పత్రిక అప్పటికే ఆగిపోయింది. లక్షల రూపాయల విదేశీ జర్నల్‌ను ఆపినా ప్రపంచంలో వేరొక చోట దాని ప్రతి ఉంటుంది, ఈ పత్రిక మాకు కాక ఇంకెవరికీ చేరి ఉండకపోవచ్చు. ఆ అబ్బాయి ఏమీ అనకుండా నమస్కారం పెట్టి వెళ్లిపోయిన ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుచేత కోత జాబితా వేసేటప్పుడు వాడకం, ధర అనే రెండు గడులతో పాటు "మనం ఆపితే ఇది ఇంకెక్కడైనా దొరుకుతుందా" అనే మూడో గడి తప్పకుండా పెట్టండి. దొరకదు అని జవాబు వచ్చినవి, అంటే తెలుగు సాహిత్య, చరిత్ర పత్రికలు, జానపద విజ్ఞానం మీద వచ్చే చిన్న పత్రికలు, కాకతీయుల చెరువుల మీద, సింగరేణి మీద, ఇక్కడి పత్తి, మిర్చి సాగు మీద స్థానికంగా వెలువడే నివేదికలు, వాడకం సున్నా అయినా కొనసాగాలి. వీటన్నిటి ఖర్చు కలిపినా ఒక్క ఖరీదైన విదేశీ జర్నల్ చందాలో చిన్న భాగం దాటదు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో, 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం నెలకొల్పుకున్న ప్రాంతం మనది. అలాంటి పాత గ్రంథాలయాలతో మాట్లాడుకుని, ఏ పత్రికను ఎవరు భద్రపరచాలో పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, సంచికా మిగులుతుంది.

చందా ఆపే ముందు కాగితాలు చూసుకోవాలి. ఆన్‌లైన్ జర్నల్‌కు ఇప్పటిదాకా డబ్బు కట్టిన సంవత్సరాల మీద శాశ్వత హక్కు ఉందా లేదా అన్నది ఒప్పందంలో ఉంటుంది. హక్కు ఉంటే, దాన్ని ధ్రువీకరిస్తూ ప్రచురణకర్త నుంచి లేఖ తెప్పించుకున్న తరువాతే ఆపాలి. ఏజెంటు ద్వారా తెప్పించే అచ్చు జర్నళ్లకు చందా ముందే చెల్లిస్తాం కాబట్టి, అందని సంచికల జాబితా కార్డెక్స్ (వచ్చిన సంచికలను నమోదు చేసే కార్డుల వరుస) నుంచి తీసి, వాటి విలువకు క్రెడిట్ నోటో వాపసో తీసుకోవాలి. ఏజెంటుతో సంబంధం తెగిపోయాక ఆ డబ్బు రాబట్టడం దాదాపు అసాధ్యం. ఆడిట్ కోసం ప్రచురణకర్త ధరల పట్టిక, ఇన్వాయిస్ తేదీ నాటి బ్యాంకు మారకపు రేటు ప్రతి బిల్లుకూ జతచేయాలి. ఉన్నత విద్యాసంస్థలకు సరఫరా చేసే ఆన్‌లైన్ విద్యా జర్నళ్లకు 2018 జనవరి నుంచి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. బిల్లులో పన్ను వేసి ఉంటే ఎందుకు వేశారని అడగాలి, ఒక్కోసారి ఆ ఒక్క ప్రశ్నతోనే రెండు జర్నళ్లు నిలబడతాయి.

కాలపట్టిక విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆగస్టులో పోలిక, సెప్టెంబరులో విభాగాల జవాబులు, అక్టోబరులో లైబ్రరీ కమిటీ తీర్మానం, నవంబరులో ఆర్డర్లు. కేటాయింపులో పదో వంతును డాలరు పెరుగుదల కోసం డిసెంబరు దాకా ముట్టుకోకుండా ఉంచి, మిగిలితే పుస్తకాలకు మళ్లించుకోవచ్చు.

కోత ఖరారయ్యాక ఆ సంగతి పాఠకులకు మనమే ముందుగా చెప్పాలి. ఆగిపోయిన జర్నళ్ల జాబితాను, ఒక్కోదానికి బదులు దారిని నోటీసు బోర్డు మీద, విభాగాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. డెల్‌నెట్ ద్వారా వ్యాసం తెప్పించడం, రచయితకే మెయిల్ రాసి ప్రతి అడగడం, వ్యాసాల ఉచిత ప్రతులను చూపే అన్‌పేవాల్‌తో ప్రతి వెతకడం, భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు ఉండే శోధగంగ సైటు చూడడం వంటివి స్కాలర్లకు ఒక గంట కూర్చోబెట్టి చూపించాలి. భూపాలపల్లిలోనో ఆసిఫాబాద్‌లోనో క్షేత్ర పరిశోధనలో ఉన్నవారికి క్యాంపస్ బయటి నుంచి జర్నళ్లు తెరుచుకునేలా ఇన్‌ఫెడ్ (ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే లాగిన్ ఏర్పాటు) లాగిన్ ఇప్పించడం కూడా ఈ పనిలో భాగమే. అడిగిన వ్యాసాన్ని తెప్పించిన ప్రతిసారీ దాన్ని రిజిస్టరులో రాయాలి. ఒకే జర్నల్ పేరు పదే పదే కనిపిస్తే వచ్చే ఏడాది దాన్ని తిరిగి చేర్చాలని కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

పద్దు విషయంలో ఒక్కటి గట్టిగా పట్టుబట్టాలి. జాతీయ పథకం వల్ల మిగిలిన సొమ్మును లైబ్రరీ పద్దులోనే ఉంచి పుస్తకాలకు, న్యాయ డేటాబేసులకు, తెలుగు పత్రికల బైండింగుకు, పాత సంచికల డిజిటలీకరణకు మళ్లించేలా కమిటీ చేత తీర్మానం చేయించాలి. జర్నళ్ల పద్దును ఒక ఏడాది సున్నా చేస్తే, మళ్లీ తెరిపించడానికి ఎన్నేళ్లు పడుతుందో మనలో చాలామందికి తెలుసు. ఆమోదం పొందిన మూడేళ్లు 2027 డిసెంబరుతో ముగుస్తాయి కాబట్టి, 2027 ఆగస్టు ఫైలు తెరిచే నాటికి మూడేళ్ల వాడకం నివేదికలు, వెనుదిరిగిన పాఠకుల లెక్కలు, విభాగాలు రాసిన వరుస క్రమాలు, ఆపేసిన ప్రతి జర్నల్‌కు ఆపిన నాటి ధర, ఏజెంట్ల నుంచి కొత్తగా తెప్పించిన ప్రస్తుత ధర, అన్నీ ఒకే ఫోల్డరులో సిద్ధంగా ఉండాలి. ఆ ఫోల్డరు ఎక్కడుందో లైబ్రేరియన్‌తో పాటు పీరియాడికల్స్ విభాగంలో కనీసం మరొకరికి తెలిసి ఉండాలి.