నిరసన ప్రదర్శనలో జాతీయ జెండాను పట్టుకోవలసిన తీరు

జాతీయ పతాకాన్ని గౌరవంగా ఎగురవేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2004లో నవీన్ జిందాల్ కేసులో తీర్పు ఇచ్చింది కనుక, ధర్నాలోనో ఊరేగింపులోనో మువ్వన్నెల జెండా పట్టుకోవడం దానంతట అది నేరం కాదు. చిక్కంతా పట్టుకునే తీరులోనే ఉంది.

జెండా పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. కాషాయం ఎప్పుడూ పైనే ఉండాలి. కొన్ని దేశాల్లో ఆపదకు సంకేతంగా జెండాను తలకిందులు చేస్తారు గాని, ఇక్కడ ఉద్దేశపూర్వకంగా అలా ప్రదర్శిస్తే 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. దుఃఖసూచకంగా సగం వరకు దించి ఎగురవేయడం కూడా ప్రభుత్వం ఆదేశించిన సందర్భాల్లో తప్ప కుదరదు. ఆవేశంలో ఎక్కువమంది చేసే తప్పు జెండా గుడ్డ మీదే నినాదం రాయడం. ఆ మాటేదో విడిగా అట్టమీద రాసుకోవడం మేలు.

సంఘం జెండాలతో కలిసి నడిచేటప్పుడు జాతీయ పతాకం వరుసకు కుడి చివరన గాని, వరుస మధ్యభాగానికి ముందు గాని ఉండాలి. ఒకే కర్రకు రెండు జెండాలు కట్టకూడదు. ఆగ్రహాన్ని సూటిగా చూపాలంటే 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురు నిలిచిన నల్లజెండా ఉండనే ఉంది.

ప్రదర్శన ముగిశాక కాగితపు జెండాలను రోడ్డుమీద వదలకుండా ఏరి, గౌరవంగా, ఏకాంతంగా వాటిని పారవేయాలి.