కార్తీక మాసం అడవి ట్రిప్పులు: ఆఖరి రోజు జాగ్రత్తలు

మొన్న పేపర్లో మళ్లీ అదే వార్త. పిక్నిక్‌కి వెళ్లిన కుర్రాడు జలపాతంలో కొట్టుకుపోయాడు. కార్తీక మాసం వస్తోంది. విశాఖ నుంచి మారేడుమిల్లికి టెంపోలు, మినీ బస్సులు వరస కట్టే రోజులు. టోపీ, టార్చి, నీళ్ల బాటిల్ సంగతి మీకు తెలుసు. నేను ఆఖరి రోజు గురించే చెబుతాను.

మొదటి రోజు అడవంటే అందరికీ భయమే. గైడు చెప్పిన చోటే అడుగేస్తారు. మూడో రోజుకి ఆ భయం పోతుంది. సామాను బస్సెక్కేస్తుంది, గైడుకి డబ్బులిచ్చి పంపేస్తారు, షూ బ్యాగులోకి వెళ్లిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "బస్సు కదిలేలోపు ఒక్క మునక వేసొద్దాం" అని. మా గ్రూపులోనూ అన్నారు. నలుగురు వెళ్లారు, ముగ్గురు తిరిగొచ్చారు. నాలుగో అబ్బాయి షూ రెండూ, సాక్సులు లోపలికి కుక్కి, ప్లాస్టిక్ కవర్లో ముడివేసి అతని సీటు కిందే ఉన్నాయి. ఆ కవరు వాళ్లమ్మగారి చేతికి ఇచ్చింది నేనే.

ఆఖరి మునక వద్దు.

ముందు గెడ్డ (కొండవాగు) సంగతి. మనకి ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన పడుతూ ఉండొచ్చు. ఆ నీరు కిందికి రావడానికి నిమిషాలు చాలు. ఆ రోజు గులకరాళ్లు కనిపిస్తున్న నీరు చూస్తుండగానే టీ రంగుకి తిరిగింది. వెదురాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. అది చూడగానే చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కేయాలి. మోకాలి లోతే కదా అనుకోకండి, వేగంగా పారే నీరు ఆ లోతులోనే మనిషిని పడేస్తుంది. నాచు బండ మీద కాలు జారితే ఈత వచ్చినా లాభం లేదు. పడినవారి కోసం ఇంకొకరు దూకొద్దు, గట్టు మీంచే తాడో, చీరో, వెదురు గడో అందించండి. బంగాళాఖాతంలో వాయుగుండం అని విన్నారా, ట్రిప్పే వాయిదా వేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుని చూసినవాళ్లం మనం.

తర్వాత గైడు. ఆయన కూలి బస్సు మెట్టు దగ్గరే ఇవ్వండి, ముందు రాత్రి కాదు. ఆ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో అక్కడి కొండరెడ్లకి తెలిసినట్టు మనకి తెలియదు.

ఆఖరి రోజు షూ ఇంటికి వచ్చాకే విప్పండి. పొద్దున వేసుకునే ముందు దులపండి, తేళ్లుంటాయి.

మందు వద్దు. ఆఖరి రోజు అసలే వద్దు.

తలలు లెక్కపెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. అందరూ సీట్లో కూర్చున్నాకే లెక్క.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. కదలకుండా మోసుకుని రంపచోడవరం ఆసుపత్రికి. 108కి సిగ్నల్ దొరుకుతుందని కూర్చోవద్దు.

డ్రైవరుని రాత్రి నిద్రపోనివ్వండి. చీకటి పడకముందే ఘాట్ దిగండి.

ఇంటికొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుకి "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని చెప్పండి. మలేరియా కావచ్చు, చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. ఆ కాటు గుర్తుగా చంకలో, నడుం దగ్గర నల్లటి పొక్కు ఉందేమో చూడండి.

ఆఖరి మునక వద్దు. హారన్ కొట్టాక ఎవరైనా టవల్ భుజాన వేసుకుని గెడ్డవైపు నడిస్తే, మొహమాటపడకండి, చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి.